విత్తనపు పసుపుకున్న సెలవు మీకు వద్దా?

పిల్లలూ!

మీలో ఆర్మూరు వైపు వాళ్లుంటే పసుపు కల్లాలు చూసే ఉంటారు. తవ్విన కొమ్ముల్ని ఉడకబెట్టి, పది పదిహేను రోజులు ఎండలో ఆరబెడతారు. చేత్తో వంచితే టక్కుమని విరిగేదాకా ఎండాక, నునుపు పట్టించి నిజామాబాదు మార్కెట్ యార్డుకు తోలుతారు.

అయితే రైతు కొన్ని దుంపల్ని మాత్రం ఉడకబెట్టడు, ఎండబెట్టడు. నీడన కుప్పపోసి, పైన ఆకు కప్పి ఉంచుతాడు. అవి వచ్చే ఏటి విత్తనం. జూన్‌లో వానలు పడేదాకా వాటికి విశ్రాంతి. దీనినే శాస్త్రజ్ఞులు సుప్తావస్థ అంటారు. పైకి ఏ కదలికా కనిపించదు. కాని దుంప శ్వాసిస్తూనే ఉంటుంది. లోపల మెల్లగా మార్పులు జరిగి, మొగ్గలు మొలకెత్తడానికి సిద్ధమవుతాయి.

విత్తనానికున్న ఈ సెలవు విద్యార్థికి ఎందుకు ఉండకూడదు? తొమ్మిదో తరగతి పరీక్ష రాసి ఇల్లు చేరారో లేదో, పదో తరగతి పాఠాలంటూ చాలామందిని మళ్లీ బెంచీల మీద కూర్చోబెడుతున్నారు. ఇది తప్పని మా అభిప్రాయం.

మీరు పసుపు దుంపలు కారు, నిజమే! మరి మెదడు సంగతే చూద్దాం. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే శాస్త్రజ్ఞులు ఇద్దరు విద్యార్థులచేత అర్థంలేని అక్షరాల జట్లను పదేసి చొప్పున కంఠస్థం చేయించారు. నేర్చాక నిద్రపోయినప్పుడు వారికి ఎక్కువ గుర్తున్నాయి. అంతేసేపు మెలకువగా ఉన్నప్పుడు చాలావరకు మరిచిపోయారు. ఈ ఫలితాలు 1924లో వెలువడ్డాయి. ఇద్దరితో చేసిన ప్రయోగం చిన్నదే. కాని తరువాత జరిగిన ఎన్నో పరిశోధనలు దాన్ని బలపరిచాయి. నేర్చినది మనసులో కుదురుకోవడానికి నిద్ర కావాలి. 13 నుండి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతున్నారు. పరీక్షల రోజుల్లో మీలో ఎంతమంది అంతసేపు పడుకున్నారు?

“సెలవుల్లో చదివిందంతా మరిచిపోతారు” అని పెద్దలు భయపడతారు. అందులో కొంత నిజముంది. వాడకపోతే లెక్కలు మరుపున పడతాయి. దానికి రోజూ ఒక అరగంట చాలు. ఆరు గంటలు అక్కరలేదు.

మిగతా పొద్దు మీది. కంటినిండా నిద్రపోండి. ఎండ ఎక్కకముందే నవనాథ సిద్ధుల గుట్ట మీదికి నడవండి. రాతి బండలు తెల్లవారుజామున ఎంత చల్లగా ఉంటాయో, పది గంటలకు ఎలా కాలుతాయో చెయ్యిపెట్టి చూడండి. చేనులో పనికి సాయపడవలసిన వాళ్లు సాయపడండి. కాని ఆటకు ఒక పూట అడిగి తీసుకోండి. పరీక్షా ఫలితాల బెంగ ఉంటే లోపలే దాచుకోకండి. అమ్మతోనో, అక్కతోనో, మీకు నచ్చిన సారుతోనో చెప్పండి. చెప్పుకుంటే బరువు తగ్గుతుంది.

పెద్దలకు కూడా ఒక మాట. విత్తనాన్ని ఉడకబెట్టిన రైతు ఎక్కడా లేడు. పిల్లల విషయంలోనూ ఆ తెలివే చూపండి. జూన్‌లో వానలు వస్తాయి, బడులూ తెరుస్తారు. అప్పటిదాకా వాళ్లను నీడన ఉండనివ్వండి.