దీపం ఉన్నవాడికే కనబడే గుట్టు

యూరో నోటును అతినీలలోహిత దీపం కింద ఉంచితే, కాగితంలో కలిపిన సన్నని పోగులు ఎర్రగా, నీలంగా, ఆకుపచ్చగా మెరుస్తాయి. ఆ నోట్లు చెలామణిలోకి వచ్చిన 2002లోనే, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు సూయ్‌వర్, మైయరింక్ ఆ వెలుగును పరిశీలించి, ఎరుపుకు మూలం యూరోపియం అనే మూలకమని ప్రకటించారు. యూరోలో యూరోపియం! ఆ నోట్లను రూపొందించిన వారెవరో గాని, హాస్యప్రియులే.

గుట్టు రట్టయింది, అయినా నోటు విలువ పడిపోలేదు. ఇందులో వింతేమీ లేదు. యూరోపియంలో కాంతినిచ్చే ఎలక్ట్రాన్లు బయటి ఎలక్ట్రాన్ల మరుగున ఉంటాయి గనుక దాని వెలుగు 615 నానోమీటర్ల ప్రాంతంలో సన్నని గీతలా వస్తుంది. మామూలు రంగుల వెలుగు వెడల్పుగా పరుచుకుంటుంది. కంటికి రెండూ ఎరుపే, యంత్రానికి మాత్రం కావు. పైగా దీపం ఆర్పాక మామూలు రంగు నానోసెకన్లలో ఆరిపోతే, యూరోపియం మిల్లీసెకను దాకా నిలుస్తుంది. మూలకం పేరు తెలిసినంత మాత్రాన ఆ గీతను, ఆ కాలాన్ని అనుకరించగలమా? రహస్యలిపిని గూర్చి కెర్‌కోఫ్స్ 1883లో చెప్పినది ఇదే: పద్ధతి శత్రువుకు తెలిసినా తాళంచెవి దొరకకుంటే చాలు.

మన పాఠ్యపుస్తకాలు ఫ్లోరెసెన్సును ప్రతిదీప్తి అనీ, దీపం ఆర్పాక కూడా నిలిచే వెలుగును స్ఫురదీప్తి అనీ అంటాయి. (ఎంత అందమైన మాటలు! పరీక్షల తరువాత వీటిని ఎవరూ పలకరేమి?) ఈ రెంటినీ జత చేసి, దీపం వెలుగుతుండగా ఒక అంకె, ఆర్పాక వేరొక అంకె కనబడే సిరాలు కూడా తయారవుతున్నాయి. 2020లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ప్రకటించిన వర్ణకం మరొక దారి పట్టింది. అది 254 నానోమీటర్ల కిరణాలకు ఎరుపు, 365కు ఆకుపచ్చ చూపుతుంది. మెచ్చుకోదగ్గ పనే.

నా అభ్యంతరం ఆ విద్యతో కాదు. దాని ఫలం ఎవరికి చేరుతుందన్నదే నా ప్రశ్న. అంగళ్లలో కనిపించే చవక దీపాలు సాధారణంగా 365 ప్రాంతంలోనివి. 254 దీపం కంటికీ చర్మానికీ హానికరం, కొట్టులో పెట్టుకునే వస్తువు కాదు. అంటే ఆ ఎరుపు బ్యాంకుకు కనబడుతుందే గాని, రైతుబజారులో వంకాయలు అమ్మే ఆమెకు కనబడదు. దొంగనోటు చివరికి చేరేది మాత్రం అటువంటి చేతులకే. ఆమె దాన్ని బ్యాంకులో ఇస్తే, నకిలీ అని ముద్ర వేసి ఉంచేసుకుని రసీదు ఇస్తారు. సొమ్ము ఇవ్వరు. నకిలీకి సొమ్మిస్తే నకిలీలు పెరుగుతాయన్న వాదన సబబే. కానీ నష్టమంతా ఆమెదైనప్పుడు, పోల్చుకునే సాధనం కూడా ఆమె చేతిలో ఉండవద్దా?

చవక దీపాన్నే నమ్ముకుందామన్నా చిక్కుంది. నోటు కాగితంలో తెల్లదనపు మందు కలపరు గనుక అది దీపం కింద మసకగా ఉండాలి. చొక్కా జేబులో మరచి సబ్బుపొడితో ఉతికిన అసలు నోటు మాత్రం, టినోపాల్ పెట్టిన పంచెలా నీలంగా మెరవవచ్చు!

కాబట్టి యంత్రం కోసం ఒక వెలుగు దాచిన ప్రతిసారీ, కంటికీ వేలికీ అందే గుర్తును కూడా మెరుగుపరచాలని నా అభిప్రాయం. అయిదు వందల నోటును వంచితే ఆకుపచ్చ నుండి నీలానికి మారే దారం, అంచున తడిమితే తగిలే అయిదు గీతలు ఇటువంటివే. చూపులేనివారికీ అక్కరకు వచ్చే ఆ గీతలు, నా దృష్టిలో, నోటు మొత్తంలోకీ తెలివైన పని. వాటిని తడిమి చూడమని సంతలో నిలబడి తెలుగులో చెప్పే మనిషిని నియమించడానికి ప్రయోగశాల అక్కరలేదు, జీతం చాలు.