తొలి కార్డు కత్తిరించాలా.. కాపాడుకోవాలా?

పెద్ద కార్డు రావాలంటే చిన్న కార్డు వదులుకోవాలా? హోసూరు ఫ్యాక్టరీల్లో, బళ్లారి జీన్స్ కుట్టు యూనిట్లలో, బరంపురం బట్టల దుకాణాల్లో పనిచేసే తెలుగువాళ్లకు ఎదురయ్యే ప్రశ్నే ఇది. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద తీసుకున్న తొలి క్రెడిట్ కార్డు రెండేళ్లుగా జేబులో ఉంది. ఇప్పుడు లక్ష పైన పరిమితి, టికెట్ల మీద రాయితీ ఉండే కార్డు కావాలి. ‘ఆ ఇరవై వేల కార్డు చూస్తే పెద్ద బ్యాంకోళ్లు చులకన చేస్తారు, కత్తిరించి పారెయ్యన్నా’ అంటాడొకడు. ‘పొరపాటున కూడా మూసెయ్యొద్దు, స్కోరు పడిపోతుంది’ అంటాడు ఇంకొకడు. రెండూ సగం తెలిసిన మాటలే. వీటిని నమ్మితే ఎక్కువగా దెబ్బతినేది మాత్రం జీతం చీటీ లేనివాళ్లు.

కార్డు తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. బందరులో 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అప్పట్లో మేనేజరుకు మనిషి తెలిస్తే పని అయిపోయేది. ‘ఫలానా వారి అబ్బాయి, మాట తప్పడు’ అంటే చాలు. ఇప్పుడు మేనేజరు ముఖం కూడా చూడరు. కంప్యూటరులో 300 నుంచి 900 మధ్య ఒక అంకె కనిపిస్తుంది. దాని తర్వాతే ఏ మాటైనా.

అసలు చిక్కు అంకె తక్కువగా ఉన్నప్పుడు కాదు, అంకే లేనప్పుడు. జీవితంలో ఎవరి దగ్గరా రూపాయి అప్పు చేయని మనిషిని ఊళ్లో గౌరవిస్తారు. సిబిల్ నివేదికలో మాత్రం ఆ మనిషి గురించి చెప్పడానికి ఏమీ ఉండదు, ‘చరిత్ర లేదు’ అన్న గుర్తు తప్ప. తొలిసారి అప్పు అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని రిజర్వు బ్యాంకు సూచించినట్లు 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ లోక్‌సభకు తెలిపింది. అది మంచి మాటే. కానీ క్రెడిట్ కార్డుకు తాకట్టు ఉండదు. రిజర్వు బ్యాంకు 2023 నవంబరులో కార్డు బాకీల మీద బ్యాంకులకు రిస్కు వెయిటేజీని 125 శాతం నుంచి 150 శాతానికి పెంచింది. అంటే కార్డు అప్పు ఇవ్వాలంటే బ్యాంకు అంతకుముందు కన్నా ఎక్కువ మూలధనం పక్కన పెట్టుకోవాలి. అలాంటప్పుడు ముక్కూముఖం తెలియనివాడికి ఎవరిస్తారు?

అందుకే డిపాజిట్ కార్డు. పాతిక వేలో, ముప్పై వేలో డిపాజిట్ చేస్తే, అందులో చాలా భాగం కార్డు పరిమితిగా వస్తుంది. డిపాజిట్ మీద వడ్డీ మామూలుగానే నడుస్తుంది, కాకపోతే కార్డు ఉన్నంతకాలం డబ్బు తీసుకోవడానికి వీల్లేదు. నెలనెలా బిల్లు కడుతుంటే ఆ సంగతి సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలకూ చేరుతుంది. చిన్న మగ్గమో, చిల్లర కొట్టో నడుపుకొనేవాడికి కాగితం మీద పేరు పుట్టేది ఇలాగే. నివేదికలో దీన్ని తాకట్టు ఉన్న కార్డుగా రాస్తారు, నిజమే. అదేమీ మచ్చ కాదు. నెలనెలా గడువులోగా కట్టాడా లేదా అన్నదే బ్యాంకు ముందుగా చూసేది. ‘చులకన చేస్తారు’ అన్న మాట దీంతో తేలిపోయింది.

మూస్తే ఏమవుతుంది?

రెండో సలహా సంగతి చూద్దాం. దీనికి కొంచెం లెక్క కావాలి. కార్డు పరిమితి 20 వేలు, నెల ఖర్చు 15 వేలు అనుకోండి. వాడకం 75 శాతం. పైసాతో సహా కట్టేసినా సరే, పరిమితిలో ముప్పాతిక భాగం వాడేస్తున్నాడని నివేదికలో కనిపిస్తుంది. 30 శాతం లోపు ఉంటే మంచిదని ఈ రంగంలో ఉన్నవారు చెప్పే వాడుక మాట. ఇప్పుడు 80 వేల పరిమితితో రెండో కార్డు వచ్చింది. మొత్తం పరిమితి లక్ష, అదే ఖర్చు 15 శాతానికి దిగింది. పాత కార్డు మూసేస్తే 18.75 శాతం అవుతుంది. ఈ మాత్రం తేడాకే ఆకాశం ఊడిపడదు.

చరిత్ర మొత్తం తుడిచిపెట్టుకుపోతుందన్నది కూడా నిజం కాదు. మూసిన ఖాతా ‘మూసివేశారు’ అన్న గుర్తుతో నివేదికలో ఏళ్ల తరబడి ఉంటుంది. సరిగ్గా కట్టిన నెలలూ అందులోనే ఉంటాయి. కాకపోతే నడుస్తున్న ఖాతాకు ఉన్న విలువ మూసిన ఖాతాకు ఉండదు. అయిదేళ్ల నుంచి ఆగకుండా నడుస్తున్న కార్డు చూసినప్పుడు అప్పిచ్చేవాడికి కలిగే ధీమా వేరు.

మరి ఎక్కడ మునుగుతారంటే, వరుస తప్పినప్పుడు. పెద్ద కార్డు వస్తుందన్న నమ్మకంతో పాతది ముందే మూసేస్తారు. డిపాజిట్ వెనక్కి తీసుకుని పిల్లల ఫీజుకు కట్టేస్తారు. తర్వాత దరఖాస్తు పెడితే, ఆ రోజున వాళ్ల పేరు మీద నడుస్తున్న ఖాతా ఒక్కటీ ఉండదు. తిరస్కారం వస్తుంది. ఆ ఉక్రోషంతో అదే నెలలో ఇంకో నాలుగు బ్యాంకులకు పెడతారు. పెట్టిన ప్రతి దరఖాస్తుకూ ఒక విచారణ నమోదవుతుంది. అయిదో బ్యాంకు చూసేసరికి ‘వీడికి డబ్బు అంత అవసరమా’ అనిపించేలా తయారవుతుంది నివేదిక. కొత్తది చేతికొచ్చి, రెండు మూడు బిల్లులు కట్టాక పాతదాని సంగతి ఆలోచించవచ్చు. అంతదాకా దాని జోలికి పోకపోవడమే మేలు.

జీతం చీటీ లేనివారికి పాత కార్డుతో ఇంకో ఉపయోగముంది. వేరే బ్యాంకు కార్డు కొంతకాలంగా సక్రమంగా నడుస్తుంటే, దాని ఆధారంగానే ఆదాయం కాగితాలు అడగకుండా కొత్త కార్డు ఇచ్చే పద్ధతి కొన్ని బ్యాంకుల్లో ఉంది. కార్డు మీద కార్డు అన్నమాట. ఇందులో పాత కార్డు వయసుతో పాటు దాని పరిమితి కూడా చూస్తారు. 15 వేల కార్డు పదేళ్లు ఉంచుకున్నా ఇక్కడ పెద్దగా పనికిరాదు. డిపాజిట్ పెంచి పరిమితి పెంచుకోవడమో, అదే బ్యాంకులో మామూలు కార్డుకు మార్చమని అడగడమో చేయాలి. అదే బ్యాంకులో కార్డు మారిస్తే సాధారణంగా పాత ఖాతా వయసు పోదు. ఒకే బ్యాంకులో చిన్న కార్డు ఉండగా పెద్దదానికి కొత్తగా దరఖాస్తు పెట్టేవారికి మాత్రం చిన్నది అడ్డమవ్వొచ్చు. ఒకరికి ఒకే కార్డు అనే బ్యాంకులున్నాయి, రెండో కార్డిచ్చినా పరిమితిని రెండింటికీ కలిపి పంచేవి ఉన్నాయి. దరఖాస్తుకు ముందు ఒక ఫోను చేసి అడిగితే పోయేదేమీ లేదు.

మరిచిపోయిన కార్డే ముప్పు

ఊరికే ఉంచుకోవడం వేరు, ఉందన్న సంగతే మరిచిపోవడం వేరు. ఏడాదికి 500 రూపాయల రుసుము ఉన్న కార్డు బీరువాలో పడి ఉందనుకోండి. జీఎస్టీతో కలిపి 590 బిల్లు పడుతుంది. బళ్లారి నుంచి బెంగళూరుకు మకాం మార్చారు, పాత సిమ్ తీసేశారు, బిల్లు ఏ నంబరుకు పోయిందో తెలియదు. దానిమీద ఆలస్య రుసుము, దానిమీద వడ్డీ. గడువు దాటి మూడు రోజులు పోతే బాకీ ఉన్నట్లు నివేదికలో రాయొచ్చు. వాడని కార్డు మీద వాడని డబ్బుకు ఎగవేతదారు అయిపోతాడు మనిషి. పెద్ద కార్డును నిజంగా అడ్డుకునేది ఇలాంటి మచ్చే. ఏడాది దాటి వాడకపోతే, ముందుగా తెలియజేసి 30 రోజుల్లో జవాబు రాకపోతే కార్డు మూసేయాలని 2022 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాలు చెబుతున్నాయి. ఆ తెలియజేయడం కూడా పాత నంబరుకే కదా.

కాబట్టి రుసుము లేని కార్డయితే ఉంచుకుని, రెండు మూడు నెలలకోసారి కరెంటు బిల్లో, ఫోను రీచార్జో దానిమీద కట్టి, బాకీ తీర్చేస్తే సరి. రుసుము ఉంటే, అది ఎత్తేయమని అడగాలి. ఎత్తేయనంటే ఆ కార్డును మోయాల్సిన పనిలేదు. స్కోరు కోసం ఏటా 590 కట్టేంత మహత్యం దానికి లేదు.

సరిహద్దు తెలుగువారికి అదనంగా ఇంకో తంటా ఉంది. పేరు. ఆంధ్రలో ముందున్న పొడి అక్షరం ఇంటిపేరు, తమిళనాడులో తండ్రి పేరు. ఒడిశా వైపు ‘రావు’ ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి కూర్చుంటుంది. పాన్ కార్డులో పొడి అక్షరాలు కుదరవు, విడదీసి రాయాలి. ఎలా విడదీశారన్నది ఆ రోజు ఫారం నింపినవాడి దయ. పాత కార్డు ఒక పేరుతో, కొత్త దరఖాస్తు ఇంకో పేరుతో ఉంటే, పాన్ నంబరు కూడా పాత ఖాతాకు సరిగా ఎక్కకపోతే, రెండేళ్లు కష్టపడి కట్టిన చరిత్ర వేరేవారి ఖాతాలో పడినట్టే. కార్డు ఉంచాలా తీసేయాలా అని మథనపడే ముందు, అసలు అది తమ నివేదికలో కనిపిస్తోందా అని చూసుకోవాలి. నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలని 2017 నుంచి నిబంధన ఉంది. సొంత నివేదిక చూసుకుంటే స్కోరు తగ్గదు. తప్పుంటే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం.

ఇక్కడ బ్యాంకులనూ అడగాల్సింది ఒకటుంది. కార్డు షరతులు ఇంగ్లిషు, హిందీతో పాటు స్థానిక భాషలో కూడా ఉంటే మంచిదని 2022 ఆదేశాల్లోనే ఉంది. హోసూరులో స్థానిక భాష అంటే తమిళం, బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా. ఆ ఊళ్లలో తరతరాలుగా ఉంటున్న తెలుగువారు మాట్లాడటం నేర్చినా, చదవడం రానివారు తక్కువేమీ కాదు. వాళ్ల దగ్గర సంతకం తీసుకుని, డిపాజిట్ పట్టుకుని, రుసుము సంగతి ఏ భాషలో చెబుతున్నట్టు? అదే బ్యాంకులు అనంతపురంలో, చిత్తూరులో, శ్రీకాకుళంలో తెలుగు కాగితాలు ఇవ్వగలిగితే, ఓ కట్ట సరిహద్దు దాటించడానికి ఖర్చేమవుతుంది? కౌంటరు దగ్గర అడిగితే ఇవ్వాలి, అడగనివాళ్లకు ఉందని చెప్పాలి.

చివరికి మూసేయాలనే నిర్ణయించుకుంటే కార్డు కత్తిరించినంత మాత్రాన ఖాతా పోదు. బాకీ మొత్తం కట్టి, రాతపూర్వకంగా అడగాలి. ఏడు పనిదినాల్లో మూయాలి. బాకీ లేకపోయినా ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయలు బ్యాంకే కట్టాలి. మూసినట్లు సందేశమో, మెయిలో వచ్చాక డిపాజిట్ మీద తాకట్టు తీసేశారా లేదా చూసుకోవాలి, నెలా రెండు నెలల తర్వాత నివేదికలో ‘మూసివేశారు’ అని పడిందా అన్నదీ చూసుకోవాలి. ఆ సందేశాన్ని చెరిపేయకుండా దాచుకోవడం మంచిది.