తుని దాటని సాయిబు

2020 ఏప్రిల్ మొదటి వారం. గొలుగొండలో పొద్దుట కొద్ది గంటలే అంగళ్లు. మోపెడ్ మీద అరటిపళ్లు తెచ్చే సాయిబు ఏళ్ల తరబడి మా వీధికి వచ్చే మనిషి. ఆ రోజు ఎవరూ గుమ్మం దిగలేదు. ఒకామె లోపల్నుంచే "వద్దు, వెళ్లిపో" అంది. ఆయన గెలలు సర్దుకుంటూ నాతో ఒక్కటే అన్నాడు: "నేను తుని దాటి రైలెక్కి ఎరగను బాబూ." నేను పళ్లు కొన్నాను గాని, ఆ గుమ్మాల వైపు తిరిగి ఒక్క మాటా అనలేదు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మార్చి నడుమ ఢిల్లీ నిజాముద్దీన్‌లో తబ్లీగీ జమాత్ సమావేశం జరిగింది. వెళ్లినవాళ్లలో మన రాష్ట్రం వాళ్లూ ఉన్నారు, కొందరికి కరోనా సోకింది. అదీ నిజమే. కాని కరోనా ఆరోగ్య అత్యవసర పరిస్థితి కాదని మార్చి 13న చెప్పింది కేంద్ర ఆరోగ్య శాఖే. లాక్‌డౌన్ వచ్చింది 25న. కొన్ని టీవీలు మాత్రం కరోనాకు 'జిహాద్' అన్న మాట తగిలించాయి. జబ్బు కంటే ముందు ఆ మాటే మా వీధికి చేరింది.

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: మాస్కులెక్కడ? దాన్ని అడిగినాయన మన నర్సీపట్నం ఏరియా ఆస్పత్రి మత్తు డాక్టర్ సుధాకర్. మాస్కులు చాలడం లేదని బహిరంగంగా అన్నందుకు అదే నెలలో సస్పెండయ్యారు. ఇక జమాత్ సంగతికొస్తే, ఏ మత సమావేశంలోనైనా ఇలా జరిగి ఉండేదని, దీన్ని ఒక మతానికి అంటగట్టొద్దని అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి వీడియోలో కోరారు. ఆ మాటకు ఆయన్ను మెచ్చుకోవాలి. డాక్టర్‌ని సస్పెండ్ చేసింది కూడా ఆ ప్రభుత్వమే.

మన్యం అంచున బతికేవాళ్లం, జాతరలో బలికిచ్చే మేకపోతును చూడనివాళ్లం కాదు. అది చేసిన తప్పేమీ ఉండదు. చేతికి దొరుకుతుంది, తాడు తెంచుకోలేదు, అంతే. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం జమాత్‌కు వచ్చిన 29 మంది విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ సరిగ్గా ఆ మాటే రాసింది: విపత్తు వచ్చినప్పుడు ప్రభుత్వం బలిపశువును వెతుక్కుంటుందని, ఇక్కడ వీళ్లను ఎంచుకున్నట్టుందని. జమాత్‌కు వచ్చిన విదేశీయులకు ఆశ్రయమిచ్చారంటూ 70 మంది భారతీయుల మీద పెట్టిన కేసులను ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది 2025 జూలై 17న. ఐదేళ్లు దాటింది. నింద మోసుకొచ్చిన మా వాట్సాప్ గ్రూపుల్లో ఆ తీర్పును ఒక్కరూ పంపలేదు.

2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలినప్పుడూ అంతే. చచ్చిపోయింది నమాజుకొచ్చినవాళ్లు, పోలీసులు పట్టుకుపోయింది పాతబస్తీ ముస్లిం కుర్రాళ్లను. కోర్టు నిర్దోషులని వదిలేశాక వాళ్లలో కొందరికి ప్రభుత్వం మూడేసి లక్షలు ఇచ్చింది. పోయిన చదువుకీ, తప్పిపోయిన పెళ్లికీ అది ఏం సరిపోతుంది?

మనం మరిచిన పేరూ ఒకటుంది. మన గొలుగొండ మండలంలోనే, కృష్ణదేవిపేటలో, అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. మన్యంలో ఆయనకు పైడిపుట్టలో భూమి ఇప్పించిన డిప్యూటీ కలెక్టర్ పేరు ఫజలుల్లా ఖాన్. రాజుకు పూలదండ వేసే మనం ఆ పేరు పిల్లలకు చెబుతున్నామా?

రేపు ఏ జబ్బు వచ్చినా, ధర పెరిగినా, ఎన్నికలు దగ్గరపడినా మళ్లీ ఒక మతం పేరు ఫోన్లోకి వస్తుంది. దాన్ని ముందుకు పంపకండి. అంతటితో ఊరుకోకండి కూడా. బండి పక్కన నిలబడి, వీధి వైపు తిరిగి, ఆ రోజు నేను అనలేకపోయిన మాట మీరు అనండి: ఈయన మన మనిషి.