బండికి రిపేరా, చెల్లుచీటీయా?

ఇంట్లో గ్రైండరు పాడైతే మనం ఏం చేస్తాం? బాగు చేసేవాణ్ణి పిలిచి ఎంతవుతుందని అడుగుతాం. వెయ్యి రూపాయలంటే సరే అంటాం. నాలుగు వేలంటే మాత్రం, "ఇంకాస్త వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా" అని పాతది తుక్కు కిందకి ఇచ్చేస్తాం. దెబ్బతిన్న కారునో స్కూటరునో చూసి ఇన్సూరెన్సు కంపెనీ చేసేదీ ఇంచుమించు ఇదే. బాగు చేయిస్తే గిట్టుబాటవుతుందా, లేక "టోటల్ లాస్" అని రాసేసి డబ్బు ఇచ్చేయడం మేలా అని లెక్క వేస్తారు.

చాలామంది దెబ్బ ఎంత పెద్దదిగా కనిపిస్తే దాన్నిబట్టే తేలుస్తారనుకుంటారు. అది నిజం కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళన్నీ నీళ్ళలో ఉన్నప్పుడు ఎన్నో బండ్లు మునిగాయి. అలా మునిగిన కారుకి పైన చిన్న గీత కూడా ఉండకపోవచ్చు. కానీ లోపల వైరింగు, సీట్లు, ఇంజను, ఎలక్ట్రానిక్ సామాను అన్నీ పాడైతే అది టోటల్ లాస్ కావచ్చు. ముందు భాగం నుజ్జయిన కారేమో నెలరోజుల్లో రిపేరై ఇంటికి రావచ్చు. తేల్చేది చూపు కాదు, లెక్క.

ఆ లెక్కకి మూలం మన పాలసీ కాగితం మీద ఉండే ఒక అంకె. దాన్ని ఐడీవీ అంటారు, అంటే ఇన్సూరెన్సు కోసం బండికి కట్టిన విలువ. బండి ఇప్పటి షోరూం ధరలోంచి వయసునిబట్టి కొంత తగ్గిస్తారు. మామూలుగా ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, ఐదేళ్ళ లోపు 50 శాతం. ఐదేళ్ళు దాటితే కంపెనీ, మనం కలిసి ఒప్పుకున్న విలువ.

ఇక పద్ధతి చూడండి. బండి దెబ్బ తినగానే కంపెనీకి చెబితే వాళ్ళు సర్వేయరుని పంపుతారు. గ్యారేజీ ఇచ్చిన ఎస్టిమేటుని ఆయన ఉన్నదున్నట్టు ఒప్పుకోరు. ప్లాస్టిక్, రబ్బరు సామాను, టైర్లు, బ్యాటరీలకి సగం తరుగు తీస్తారు. ఇనుప సామానుకి బండి వయసునిబట్టి తీస్తారు. అద్దాలకి మాత్రం తరుగు ఉండదు. జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవరు తీసుకున్నవాళ్ళకి చాలా సామాను మీద ఈ కోత ఉండదు. ఇలా పాలసీ షరతుల ప్రకారం తేలిన ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్‌గా తీసుకుంటారు. దాటకపోతే రిపేరే.

ఉదాహరణకి, 8 లక్షల కారుకి రెండేళ్ళు దాటాయనుకోండి. 30 శాతం పోగా ఐడీవీ 5 లక్షల 60 వేలు. అందులో 75 శాతం అంటే 4 లక్షల 20 వేలు. సర్వేయరు తేల్చిన రిపేరు ఖర్చు మూడున్నర లక్షలైతే కారు బాగై ఇంటికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. రెన్యువల్ చేయించేటప్పుడు ప్రీమియం కాస్త తగ్గుతుందని ఐడీవీని 4 లక్షల 50 వేలకి తగ్గించి రాయించామనుకోండి. దాంట్లో 75 శాతం 3 లక్షల 37 వేల 500. అదే కారు, అదే దెబ్బ, అదే మూడున్నర లక్షల ఖర్చు. కానీ ఇప్పుడది టోటల్ లాస్! చేతికి వచ్చేది నాలుగున్నర లక్షలు, అందులోనూ మన వాటాగా కొంత కోత ఉంటుంది. ఆ డబ్బుతో అలాంటి కారు మళ్ళీ కొనగలమా? ఏడాదికి కొద్ది వందలో వేయో మిగుల్చుకోబోయి లక్ష పోగొట్టుకున్నట్టు కాదూ?

అప్పు మీద కొన్న బండైతే ఇంకో చిక్కుంది. టోటల్ లాస్ డబ్బు ముందు బ్యాంకు బాకీకి పోతుంది. బాకీ ఐడీవీ కంటే ఎక్కువుంటే బండీ ఉండదు, కంతులూ తప్పవు. కొత్త కారుకి "రిటర్న్ టు ఇన్వాయిస్" అనే అదనపు కవరు దొరుకుతుంది. అది కొన్న ధరకీ ఐడీవీకీ ఉన్న తేడా భరిస్తుంది. అప్పు పెద్దదైతే దాని గురించి తప్పకుండా అడగండి.

స్కూటర్లున్న ఇళ్ళవాళ్ళు ఇది గమనించండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త స్కూటరుకి ఐదేళ్ళ ఇన్సూరెన్సు ముందే కట్టించుకుంటున్నారు. ఆ ఐదేళ్ళదీ ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి మాత్రమే. మన బండికి జరిగే నష్టానికి వేరే పాలసీ ఉండాలి, దాని గడువెప్పుడో కాగితంలో చూసుకోవాలి. అది లేకపోతే రిపేరూ లేదు, టోటల్ లాసూ లేదు.

నీళ్ళల్లో మునిగిన బండిని స్టార్ట్ చేయకండి, చేయనివ్వకండి. ఇంజనులోకి నీళ్ళు పోయి అది పట్టేస్తే "మీరు స్టార్ట్ చేయడం వల్లే పాడైంది" అని ఆ ఖర్చు ఇవ్వకపోవచ్చు. ఫోటోలు తీసి, కంపెనీకి చెప్పి, లాగించుకుని వెళ్ళాలి.

టోటల్ లాస్ అయ్యాక తుక్కు మనమే ఉంచుకుంటే దాని విలువ మనకొచ్చే డబ్బులోంచి తీసేస్తారు. ఎవరు తీసుకున్నా, ఇక నడవదని తేలిన బండి గురించి ఆర్టీవో ఆఫీసుకి పద్నాలుగు రోజుల్లో తెలిపి ఆర్‌సీ అప్పగించాలని చట్టం. అశ్రద్ధ చేస్తే మన నంబరుతో ఏ దొంగబండో తిరగొచ్చు.

లెక్క నచ్చకపోతే సర్వేయరు రిపోర్టు నకలు అడగండి, ఇచ్చి తీరాలి. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలవాళ్ళూ అక్కడికి రాసుకోవచ్చు, ఫీజు లేదు.

"బండి సంగతి ఆయనే చూసుకుంటార్లే" అనకండి. కంతు కట్టేది మన ఇంటి ఖర్చులోంచే కదా! ఈ వారం తీరిక చూసుకుని బీరువాలోంచి పాలసీ తీయండి. ఐడీవీ ఎంత, మన బండికి నష్టమైతే ఇచ్చే పాలసీ గడువెప్పుడు, ఏ అదనపు కవర్లున్నాయి అనే మూడూ క్యాలెండరు వెనక రాసి పెట్టుకోండి. రెన్యువల్ రోజున ఆ అంకె తగ్గించి రాస్తుంటే "ఎందుకు తగ్గిస్తున్నారు?" అని ఒక్కమాట అడగండి.