ఇసుక బస్తాలు ఎప్పుడు తీయాలి?

బుచ్చిరెడ్డిపాలెం చుట్టుపక్కల పొలాలకు కనిగిరి జలాశయం నీరు పారుతుంది. అక్కడ ఒక కాలువ తూముకు తలుపు సరిగా పడటం లేదనుకోండి. రైతులేం చేస్తారు? ఇసుక బస్తాలు అడ్డం వేసి ఆ కారు పంట దక్కించుకుంటారు. తెలివైన పనే. మరుసటేడు కొత్త తలుపు బిగించారు, బస్తాలు మాత్రం తీయలేదు. ఇప్పుడు తలుపు ఎత్తినా నీరు సాఫీగా పారదు. మేలు చేసిన బస్తాలే అడ్డయ్యాయి!

కంప్యూటర్లలోనూ ఇంతే. యంత్రంలో లోపముంటే, ఆపరేటింగ్ సిస్టమ్‌లో అదనపు ఆదేశాలు రాసి సర్దుకుంటారు. ఇంటెల్ కంపెనీ 1985లో తెచ్చిన 386 ప్రాసెసర్‌నే చూడండి. మెమరీలో కొన్ని పుటలకు ‘చదవవచ్చు, రాయకూడదు’ అని గుర్తు పెడతారు. మామూలు ప్రోగ్రాము అందులో రాయబోతే 386 ఆపేది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నెల్ రాయబోతే మాత్రం ఆపేది కాదు. అందుకని లినక్స్ కెర్నెల్ తానే ముందుగా తనిఖీ చేసుకోవలసి వచ్చేది. 1989లో వచ్చిన 486తో ఈ లోటు తీరింది. అయినా 386 కోసం చేసిన సర్దుబాట్లు లినక్స్‌లో 2012 దాకా ఉండిపోయాయి. ఏ మార్పు చేయాలన్నా వాటినీ చూసుకోవలసి వచ్చేది. ఆ డిసెంబరులో ఇంగో మోల్నార్ పంపిన మార్పులతో వాటిని తొలగించారు. 2013 ఫిబ్రవరిలో వెలువడిన 3.8 కూర్పు నుంచి లినక్స్ 386 మీద నడవదు. తమాషా ఏమిటంటే, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌కు శ్రీకారం చుట్టింది 386 యంత్రం మీదే!

‘పాత యంత్రం తప్ప మరొకటి లేని బడి గతేమిటి?’ అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పాత కూర్పు ఎక్కడికీ పోదు, దాన్నే వాడుకోవచ్చు. కాని అందులో కొత్త లోపాలు బయటపడితే దిద్దేవారు ఉండరు. కాబట్టి వాడేవారు ఉన్నారో లేదో విచారించాకే తీయాలి. పనిచేసే పరికరాలు దొరకడమే కష్టమై, 2019లో లినక్స్ ఫ్లాపీ డ్రైవర్‌ను ‘అనాథ’గా గుర్తించారు. తరువాత ఒకరు ముందుకొచ్చి దాని బాధ్యత తీసుకున్నారు. అలా చూసుకునేవారుంటే ఉంచవచ్చు. వాడేవారూ, పరీక్షించేవారూ లేని ఆదేశాలను జాలిపడి ఉంచడం మాత్రం తప్పని నా అభిప్రాయం. అవి పనిచేస్తున్నాయో, చెడిపోయాయో ఎవరు చెప్పగలరు?

రేపు మీరూ ప్రోగ్రాములు రాస్తారు. బస్తా వేయక తప్పదు. వేసినప్పుడే అది ఎందుకు వేశారో, ఎప్పుడు తీయవచ్చో పక్కనే రాసి పెట్టండి. మీ తరువాత వచ్చేవారు భయం లేకుండా తీయగలుగుతారు.