లెక్క మనది, లెక్కలు వాళ్ళవి

మన రుద్రవరం దిక్కు డబ్బును లెక్క అంటాము. "లెక్క ఉందా అన్నా" అంటే జేబులో రూపాయలున్నాయా అని అర్థం. పట్నంలో లెక్క అంటే కూడికలు, తీసివేతలు. ఊరొదిలి పట్నం చేరిన మాల మాదిగ కుటుంబానికి మొదటి నెలలోనే ఒక సంగతి తెలిసొస్తుంది. లెక్క మనం చెమటోడ్చి తెస్తాము. లెక్కలు మాత్రం వేరేవాళ్ళు వేస్తారు.

వలసపోయినోళ్ళ గురించి ఊళ్ళో పెద్దమనుషులు రెండు మాటలు చెప్తాంటారు. మొదటిది: "పట్నంలో దినానికి వెయ్యి రూపాయలు. అందుకే కూలోళ్ళకు కొవ్వెక్కింది, ఊళ్ళో పిలిస్తే పలకరు." రెండోది: "ఎంత సంపాదిస్తే ఏం లాభం, చేతిలో నిలవదు. వీళ్ళకు పొదుపు తెలీదు." ఈ రెండు మాటలూ ఒకే అరుగు మీద నుంచి వస్తాయి. మొదటిది మన కూలి పెంచకుండా ఉండడానికి. రెండోది మన పేదరికానికి మనల్నే దోషుల్ని చేయడానికి. ఒక్క ఉల్లిగడ్డతో రెండు పూటలకు కూర వండే మన అక్కలకు పొదుపు నేర్పుతారా? నేర్పేవాళ్ళు ఒక్క నెల ఆ అక్క బతుకు బతికి చూడమనండి.

ఎందుకు పోతాండాము?

నల్లమల మన వీపు వెనకే ఉంది. తెలుగుగంగ కాలువ మన మండలం మీదుగానే పారుతుంది. నీళ్ళున్నాయి, అడవి ఉంది, భూమి ఉంది. ఏదీ మన చేతిలో లేదు. కాలువ నీళ్ళు భూమి ఉన్నోని మడిలోకే పోతాయి గానీ మాదిగవాడలోకి, మాలవాడలోకి రావు గదా. వరి కోతకు మిషను దిగింది. కలుపుకు మందు దిగింది. పదిమంది నెల రోజులు చేసే పని ఇప్పుడు ఒక్క డ్రైవరు రెండు రోజుల్లో చేసిపోతాడు. కౌలుకు చేద్దామంటే పంట పోయిన ఏడు పరిహారం భూమి పాసుపుస్తకం ఉన్నోని పేరు వెతుక్కుంటూ పోతుంది, అప్పు మన గడపలోకి వస్తుంది.

ఉపాధి హామీ ఉంది గదా అంటారు. 2005లో చట్టం చేసి, 2006 ఫిబ్రవరి 2న మన పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలుపెట్టినారు. కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని అన్నారు. 2025 డిసెంబరులో దాని స్థానంలో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. 125 రోజులు అని ముందు పెట్టి, పొలం పనులు ముమ్మరంగా ఉండే కాలంలో 60 రోజుల దాకా ఈ పని ఆపొచ్చని వెనక పెట్టినారు. ఆ 60 రోజులు ఎవరి కోసం? కూలి బేరం మాట్లాడే బలం మనకు ఉండేదే ఆ రోజుల్లో. అప్పుడే సర్కారు పని మూసేస్తే భూస్వామి చెప్పిందే కూలి అయితుంది.

అందుకే పోతాండాము. కొందరు నంద్యాలలో రైలెక్కి గుంటూరు దిక్కు మిరప కోతలకు. కొందరు ఆళ్ళగడ్డలో బస్సెక్కి హైదరాబాదుకు, బెంగుళూరుకు బిల్డింగు పనులకు. కొవ్వెక్కి కాదు, కడుపు కాలి.

మొదటి నెల కథ

పట్నంలో ఉన్నోనికి నెలాఖరున జీతం వస్తుంది, తర్వాత ఖర్చు పెడతాడు. కొత్తగా పోయిన మన కుటుంబానికి ఇది తిరగబడుతుంది. ఖర్చు ముందు, సంపాదన తర్వాత. బస్సు చార్జీలు, గదికి అడ్వాన్సు, మొదటి నెల బాడుగ, పొయ్యి, బక్కెట్లు, చాప, బియ్యం. ఇదంతా పని దొరకక ముందే కావాల. యాడ నుంచి వస్తుంది? మేస్త్రీ దగ్గరో, ఊళ్ళో సావుకారు దగ్గరో అప్పు.

10,000 రూపాయలు, నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి తెచ్చినారనుకోండి. నెలకు 300, ఏడాదికి 3,600. అసలు అట్లే ఉంటుంది. ఆ అప్పు మేస్త్రీ దగ్గరే తెస్తే వడ్డీ కన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. కూలి తక్కువిచ్చినా అడగలేము, వేరే చోటికి పోలేము. ఇది వెట్టి కాకపోతే ఏది వెట్టి? అప్పు చూపించి మనిషిని పనికి కట్టేయడం నేరమని 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టమే చెప్తుంది.

ఇంక కూలి సంగతి. దినానికి 600 అనుకుందాము. ఊళ్ళో చెప్పుకునేటప్పుడు అది గొప్పగానే వినపడుతుంది. అడ్డా మీద నిలబడితే దినమూ ఎవురో ఒకరు పిలుస్తారా? వాన పడితే పని లేదు, సిమెంటు రాకపోతే పని లేదు, జ్వరమొస్తే పని లేదు. నెలకు 18 రోజులు దొరికిందనుకుంటే 10,800. తినేది 18 రోజులు కాదు, 30 రోజులు. 30తో భాగిస్తే దినానికి 360. ఆ 360లో నలుగురో ఐదుగురో బతకాల, ఊళ్ళో ముసలోళ్ళకు పంపాల, కంతులు కట్టాల. అరుగు మీది పెద్దమనిషి 600 మాత్రమే చెప్తాడు. 360 చెప్పడు.

కొనేదంతా చిల్లరగానే కొనాల. నూనె పొట్లం, చక్కెర పొట్లం, సోపు ముక్క. నెలకు సరిపడా ఒకేసారి కొనేవానికి ధర తగ్గుతుంది, ఏ పూటకాపూట కొనేవానికి పెరుగుతుంది. పెద్ద గ్యాసు బండ 14.2 కిలోలు. అది కావాలంటే కనెక్షను, చిరునామా కావాల. చిరునామా రుజువు అడగకుండా ఇచ్చే 5 కిలోల చిన్న బండ ఉంది గానీ, కిలో లెక్కన చూస్తే ఇంటి బండ కన్నా ఎక్కువ పడుతుంది. మేడలో ఉన్నోని వంట చవక, రేకుల షెడ్డులో ఉన్నోని వంట ఖరీదు. ఇందులో మన దుబారా యాడుంది?

కులానికి కూడా బాడుగ

మనం బాడుగ అంటాము. హైదరాబాదులో కిరాయి అంటారు. గుంటూరులో అద్దె అంటారు. మాట యాడికాడ మారుతుంది. ఇంటి ఓనరు అడిగే ప్రశ్న మాత్రం మారదు: "మీరేమోళ్ళు?" నిజం చెప్తే గది లేదు. అబద్ధం చెప్తే దినదినమూ భయం. కూరలో ఏం వేసినామో వాసన పోకుండా కిటికీ మూసుకోవాల, గోడకు బాబాసాహెబు పటం తగిలించకూడదు, చుట్టాలొస్తే గట్టిగా మాట్లాడకూడదు. అదీ కుదరకపోతే ఊరి చివర, మురికి కాలువ పక్కన, నీళ్ళు రాని చోట ఎక్కువ బాడుగకు చేరాల. పని జాగా దూరం, కాబట్టి ఆటో ఖర్చు. నీళ్ళు రావు, కాబట్టి క్యాన్ల ఖర్చు. ఇది కులం పన్ను. ఏ బడ్జెట్టులోనూ ఈ పద్దు కనపడదు.

1917లో అంబేద్కరు అమెరికాలో చదువుకొని వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరినాడు. ఆ ఊళ్ళో తలదాచుకునే గది దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు పెట్టుకొని ఉన్నాడు. సంగతి బయటపడి కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్ళగొట్టినారు. అంత చదివిన మనిషికే ఇల్లు దొరకలేదు. అంటరానితనం రద్దు చేసిన 17వ అధికరణం 1950 నుంచి రాజ్యాంగంలో ఉంది. అయినా అద్దె ఇంటి గుమ్మం దగ్గర ఆ ప్రశ్న ఇంకా ఆగలేదు.

ఇంకో విచిత్రం వినండి. 2014 జూన్ 1 దాకా మనోడు హైదరాబాదు పోతే సొంత రాష్ట్రంలోనే ఉన్నట్టు. జూన్ 2 నుంచి పరాయి రాష్ట్రం. ఆంధ్ర నుంచి బొంబాయి పోయిన ఎస్.టి. కుటుంబం పిల్లవాని మెడికల్ సీటు విషయంలో, మర్రి చంద్రశేఖర్ రావు కేసులో, 1990లో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? ఒక రాష్ట్రంలో ఎస్.సి., ఎస్.టి. అయినోడు ఇంకో రాష్ట్రానికి వలసపోతే ఆ రాష్ట్రం రిజర్వేషను అడగలేడని చెప్పింది. 2018లో బీర్ సింగ్ కేసులో రాష్ట్రాల ఉద్యోగాలకు అదే మాట మళ్ళీ చెప్పింది. అంటే కులం పేరుతో తిట్టు సరిహద్దు దాటుతుంది, కులం సర్టిఫికెట్టు దాటదు. ఓనరు మన కులాన్ని గుర్తుపడతాడు, పరాయి సర్కారు గుర్తుపట్టదు.

చట్టాలు యాడపాయె?

వలస కూలీల కోసం 1979లో కేంద్రం ఒక చట్టం చేసింది. కాంట్రాక్టరు వేరే రాష్ట్రానికి తీసకపోయే కూలీకి నెల కూలిలో సగానికి తగ్గకుండా ముందే ఇవ్వాలని, తిరిగి అడగకూడదని, రాను పోను చార్జీలు ఇవ్వాలని, ఉండడానికి చోటు చూపాలని అందులో రాసినారు. మొదటి నెల అప్పు లేకుండా గడవడానికి పనికొచ్చే మాట ఇదొక్కటే. మన కూలోళ్ళలో ఎంతమంది ఆ సగం నెల కూలి కళ్ళ చూసినారు? 2020లో ఆ చట్టాన్ని కార్మిక కోడ్‌లో కలిపినారు, 2025 నవంబరు 21న కోడ్ అమల్లోకి తెచ్చినారు. చార్జీల మాట ఉంచి, సగం నెల కూలి మాట తీసేసినారు. 1979 చట్టం ఐదుగురు వలస కూలీలుంటే చాలనేది. ఇప్పుడు పదిమంది కావాల. గుంపు మేస్త్రీ కింద ఎనిమిది మందే ఉంటే వాళ్ళు మనుషులు కాదా?

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టినప్పుడు పిల్లల్ని చంకనేసుకొని రోడ్ల వెంబడి నడిచింది ఎవరు? ఎంతమంది దారిలో చచ్చిపోయినారని ఆ ఏడు సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, ఆ వివరాలు తమ దగ్గర లేవని కేంద్రం జవాబిచ్చింది. సెస్సు రూపాయి రూపాయికి లెక్కుంటుంది. మన శవాలకు లెక్క లేదు.

ఏం చేయాల?

ఏడ్చి లాభం లేదు. ఉన్న హక్కును ముందు వాడుకుందాము, లేనిదాని కోసం కొట్లాడుదాము.

ఒకటి, బియ్యం. రేషను కార్డు యాడైనా చెల్లే పద్ధతిని 2019 ఆగస్టులో దేశంలో మొదట పెట్టిన చోట్లలో ఆంధ్ర, తెలంగాణల మధ్య ఒకటి. ఆహార భద్రత చట్టం కింద మనిషికి 5 కిలోలు, ఐదుగురికి 25 కిలోలు. కిలో 50 రూపాయలకు బయట కొంటే నెలకు 1,250 అయితుంది. కార్డు ఊళ్ళో ఇడిసిపోవాల్సిన పని లేదు. వేలిముద్ర వేసి అక్కడే తీసుకోవచ్చు. ఊళ్ళో ఉన్న ముసలోళ్ళు తమ వంతు ఊళ్ళోనే తీసుకోవచ్చు. అయితే రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డులకు పక్క రాష్ట్రంలో ఇది చెల్లదు. మన కార్డు ఏ కోటాలో ఉందో బస్సెక్కక ముందే డీలరును అడగండి.

రెండు, పిల్లలు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టి.సి. లేదని, వయసు కాగితం లేదని సర్కారు బడి పిల్లల్ని చేర్చుకోకుండా ఉండకూడదు. కడుపుతో ఉన్న ఆడమనిషికి, బాలింతకు, ఆరేండ్ల లోపు పిల్లలకు అక్కడి అంగన్‌వాడీలో తిండి పెట్టాల. "మీది ఈ ఊరు కాదు" అంటే ఒప్పుకోవద్దు.

మూడు, గ్యాసు. ఉజ్వల రెండో విడతలో, 2021 ఆగస్టులో, వలస కుటుంబానికి చిరునామా రుజువు బదులు సొంత డిక్లరేషను చాలని రూలు పెట్టినారు. అడిగి చూడండి.

నాలుగు, బిల్డింగు పని. 18 నుంచి 60 ఏండ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్ళు కార్మిక బోర్డులో పేరు రాయించుకోవచ్చు. ఆడోళ్ళకు కూడా వేరే కార్డు అడగండి. తట్ట మోసే అక్క భర్త కార్డు మీద బతకాల్సిన పని లేదు. పని చేసిన దినాలు, ఇచ్చిన కూలి ఒక నోటుబుక్కులో రాసుకోండి. చదువు రాకపోతే పిల్లలతో రాయించండి. మేస్త్రీ నోటి లెక్క ముందు మన కాగితం లెక్క ఉండాల.

ఐదు, సంఘం పని. కార్యకర్తలారా, ఇది మీకు. వాడ నుంచి ఎవరు, ఎప్పుడు, యాడికి, ఏ మేస్త్రీ వెంట పోయినారో ప్రతి ఊళ్ళో ఒక పుస్తకం పెట్టండి. ముందు పోయినోళ్ళు కొత్తగా పోయేవాళ్ళకు గది చూపేటట్టు, మొదటి పది దినాల బియ్యం సర్దేటట్టు ఏర్పాటు చేయండి. పదిమంది కలిసి బాడుగ మాట్లాడితే ఓనరు నోరు తగ్గుతుంది. పదిమంది కలిసి కూలి అడిగితే మేస్త్రీ నోరు తగ్గుతుంది. అంబేద్కర్ జయంతి నాడు పూలదండ వేయడం ఎంత ముఖ్యమో ఈ పుస్తకం రాయడం అంత ముఖ్యం.

వీటితో పాటు అడగాల్సినవి గట్టిగా అడుగుదాము. తీసేసిన సగం నెల కూలి మళ్ళీ చట్టంలో పెట్టాల. పదిమంది అనే గీత చెరపాల. కులం అడిగి ఇల్లు లేదన్న ఓనరుకు శిక్ష పడే చట్టం రావాల. వలసపోయిన దళితుని సర్టిఫికెట్టు వలసపోయిన చోట కూడా చెల్లాల. అన్నిటికన్నా ముందు, తెలుగుగంగ కింద మన పేరు మీద భూమి ఉండాల. నాలుగెకరాలు సొంతంగా ఉన్నోడు రేకుల షెడ్డులో బాడుగ కట్టడానికి పోడు.

అరుగు మీద పెద్దమనిషి ఈసారి "పొదుపు" అన్నాడంటే నోరు మూసుకొని రావద్దు. 600 కాదు, 360 అని చెప్పండి. వడ్డీ ఎంతో చెప్పండి, కులం పన్ను ఎంతో చెప్పండి. ఇకమీదట మన లెక్కలు మనమే వేసుకుందాము.

జై భీమ్!