సడన్ బ్రేక్ కాదు, మన తొందరే



ఘాట్‌లో బండి పడిందనగానే మనవాళ్లు అనే మాట ఒక్కటే: "ముందు లారీవాడు సడన్ బ్రేక్ వేశాడు." మా హాస్టల్లో మేమూ అదే అనేవాళ్లం. ఇప్పుడు అనం.

దోర్నాల–శ్రీశైలం రోడ్డు పులుల అడవిలోంచి పోతుంది. గిద్దలూరు–నంద్యాల ఘాటూ నల్లమలే. కోతి అడ్డమొస్తుంది, దుప్పి దూకుతుంది, మలుపులో బస్సు ఎదురొస్తుంది. ముందువాడు బ్రేక్ వేయక ఏం చేస్తాడు? వేస్తాడని తెలిసీ వెనక టైరుకు అతుక్కుపోయేది మనమే కదా!

గంటకు 60 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. బ్రేక్ లైటు చూసి కాలో చెయ్యో కదిలేలోపే ఆ సెకను పోతుంది. మనం 10 మీటర్ల దూరంలో ఉంటే ఇంకేం మిగులుతుంది? పైగా లారీ వెనకుంటే ముందున్న గుంత కూడా కనపడదు.

ముందు బండి కిలోమీటరు రాయి దాటాక రెండు సెకన్లు లెక్కపెట్టండి. అంతలోపే మీరు రాయి చేరితే స్పీడు తగ్గించండి. వానలో నాలుగు సెకన్లు. 2017 డ్రైవింగ్ నియమాలు కూడా ముందు బండికి తగినంత దూరం ఉంచమనే చెప్తున్నాయి.

"సందిస్తే ఇంకోడు దూరతాడు" అంటారా? దూరనివ్వండి. మార్కాపురం రెండు నిమిషాలు లేటుగా చేరతాం, అంతే.

మిరపకోతలకు కూలీలను తీసుకెళ్లే ఆటో అన్నలకూ ఇదే మాట. మేస్త్రీ తొందరపెట్టినా వినొద్దు. వెనక కూర్చున్నది మన అమ్మలే. ఆ కూలి డబ్బులతోనే మేం కాలేజీ మెట్లెక్కాం.

గూడెం నుంచి, తండా నుంచి ఇంటికొక్కరు చదువుకొస్తున్నాం. ఆ ఒక్కరూ లారీ కిందికి పోతే ఆ ఇంట్లో మళ్లీ పుస్తకం తెరిచేదెవరు?

జై ఆదివాసీ.